కడియం కింది నరం

ఒకనాడు నేను ఒంటి చెప్పుతో బడికి చేరాను. రెండోది నాంపల్లికీ అబిడ్స్‌కూ మధ్య ఎక్కడో జారిపోయింది. జారినట్టు నాకు తెలియలేదు. మూడో తరగతి పిల్లలు చూసి చెప్పారు. చెప్పేముందు తనివితీరా నవ్వుకున్నారు. కాలు నాది కాకపోతే నేనూ నవ్వేదాన్నే.

ఇది పంతొమ్మిదివందల నలభైల మొదట్లో మాట. మేం నాంపల్లిలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన గన్‌ఫౌండ్రీలో గుమాస్తా. నేను అబిడ్స్ వెనక సందులో ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు చదువు చెప్పేదాన్ని. నాకు తప్ప ఆ ఉద్యోగం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "నడిసిపోయి నడిసొచ్చినన్ని దినాలు చెయ్యి. టాంగా ఎక్కి పోయే నౌకరి మనకొద్దు" అని మా అత్తగారు మొదట్లోనే షరతు పెట్టారు. కాబట్టి నా కాళ్లు ఉన్నంతవరకే నా ఉద్యోగం.

చెప్పు పోవడానికి ఆరు నెలల ముందు నుంచి ఎడమ అరికాలిలో చీమలు పాకినట్టుండేది. తర్వాత మంట మొదలైంది. ఆ తర్వాత మంటా పోయింది, చీమలూ పోయాయి, ఏమీ తెలియకుండా పోయింది. నయమైపోయిందని సంతోషించాను కూడా. చదువు చెప్పేవాళ్లకు తెలివి ఉండాలని ఎక్కడా రాసిలేదు.

మా అత్తవారింట ఒక ఆచారం ఉండేది. పెళ్లిలో కోడలి కాళ్లకు బరువైన వెండి కడియాలు తొడిగి, ఔసులాయన, అంటే కంసాలి, అక్కడే నొక్కి బిగించేవాడు. మొగుడు బతికున్నంతకాలం అవి తీయకూడదు. పెళ్లినాడు నేను చీపురుపుల్లలా ఉన్నాను. ఇద్దరు పిల్లలు పుట్టాక నేను పెరిగాను, కడియాలు పెరగలేదు.

మంట ఉన్న రోజుల్లో అత్తగారు నా కాలు పట్టి చూసి రోగమేదో తేల్చేశారు. "కడియం ఊగుతున్నది బిడ్డా. ఊగుడుకే నొస్తది" అన్నారు. పాత చీర చింపి, చుట్ట చుట్టి, లోపలివైపు చీలమండ వెనక కుక్కారు. మంట పెరిగింది. రెండో చుట్ట కుక్కారు. ఎంతో ప్రేమగా, ఆముదం రాసిమరీ కుక్కేవారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరుగుతోందని మా ఇద్దరికీ తోచలేదు.

చెప్పు పోయిన మర్నాడు ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. అత్తగారు తోడు వచ్చారు. తోడంటే కాపలా.

డాక్టరమ్మ గుడ్డచుట్టలు ఒక్కొక్కటే లాగి బల్ల మీద పెట్టింది. నాలుగు వచ్చాయి. "ఇదేంది, బట్టల దుకాణమా?" అన్నది. చీలమండ వెనక వేలితో తట్టితే బొటనవేలి దాకా జివ్వుమంది. తర్వాత నన్ను కళ్లు మూసుకోమని, సూది గుచ్చినప్పుడల్లా చెప్పమన్నది. నేను కళ్లు మూసుకుని చాలాసేపు కూచున్నాను.

"ఇక గుచ్చండి" అన్నాను.

"అయిదుసార్లు అయింది" అన్నది.

అప్పుడు భయమేసింది.

"ఈ ఎముక ఎన్కనుంచి అరికాలికి నరం పోతది. సందు శానా ఇరుకు. మీరు అండ్ల కడియం, గుడ్డలు అన్ని కుక్కిన్రు. నరం నలిగింది. కడియం తీయాలె. గట్టిగ పట్టీ కట్టొద్దు, పిసకొద్దు. కాలు మెత్త మీద ఎత్తిపెట్టి పండు. గాజుపెంకు గుచ్చుకున్నా తెల్వదు, రోజు అరికాలు చూస్కో. జల్ది వచ్చినవు, అరికాలికి తెలివి మళ్ల రావచ్చు. నెలలు పడ్తది."

అత్తగారు కుర్చీలోంచి లేచారు. "కడియం తీయుడేంది? నా కొడుకు బతికున్నడు! సూది తెల్వకుంటె ఏమైతది? ఆడోళ్ల అరికాలు గట్లనే ఉంటది. నాకు పెండ్లైన రెండేండ్ల సంది ఏం తెల్వదు. నేను బతుకుతలేనా?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరిపింది. ఆవిడను కూచోబెట్టి, కడియం కిందుగా పాదం పట్టుకుని అరికాలిలో సూది గుచ్చింది. అత్తగారు గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు. కాసేపటికి కిందికి చూశారు. సూది ఇంకా నిలబడే ఉంది.

"అందరు ఆడోళ్లకు నొస్తదమ్మా" అన్నది డాక్టరమ్మ.

"అందరికా?"

"అందరికి."

బయటికొచ్చాక ఆవిడ ఇంటివైపు తిరగలేదు. నన్ను వెంటబెట్టుకుని అఫ్జల్‌గంజ్ దాకా కుంటించి, ఔసులాయన అరుగు మీద కూచోబెట్టి, నా కడియాలు కోయించారు. ఆయన పనిముట్లు సర్దుకుంటుంటే, "ఆగు" అని తన కాళ్లు చాపారు. మామగారు ఇంట్లో నిక్షేపంగా ఉన్నారు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు. కడియాలు లేవని ఆయన గమనించడానికి మూడు వారాలు పట్టింది.

నాకు ముందు మంట తిరిగొచ్చింది, తర్వాత చీమలు, అయిదో నెలలో చెప్పులోని ఇసుక తెలిసింది. బడి మానలేదు. అత్తగారికి మాత్రం ఏదీ రాలేదు. మరీ ఆలస్యమైందని డాక్టరమ్మ చెప్పింది.

ఆ చలికాలం ఒక పొద్దున నేను వంటింట్లో నేలకు పరిచిన షాబాదు బండ మీద కాలు పెట్టి ఉలిక్కిపడి వెనక్కి తీశాను. అత్తగారు చూశారు.

"ఏమైంది బిడ్డా?"

"సల్లగున్నదత్తమ్మా."

ఆవిడ వచ్చి ఆ బండ మీదే రెండు పాదాలూ ఆనించి నిలబడ్డారు. కిందికి చూసుకున్నారు.

"సల్లగంటె ఎట్లుంటది, అరికాలుకు?" అని అడిగారు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగారు.

చిన్నపిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పడమే నా పని. ఆవిడకు చెప్పలేకపోయాను. విపరీతమైన కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను.