తుడిచి చూసిన గోరుచిక్కుడు ఆకు

అద్దంకి దగ్గర గోరుచిక్కుడు పండించిన ఒక పెద్దావిడ మొన్న ఆదివారం కన్నుమూశారు. ఆకు మీద తెల్లదనం కనబడగానే మందు పేరు రాసిచ్చే వ్యవసాయాధికారుల్లో నేనూ ఒకణ్ణి. రాసే ముందు ఏం చేయాలో నాకు నేర్పింది ఆమె. అది ఇప్పటికైనా చెప్పాలి.

తొంభైల చివర, నా ఉద్యోగం కొత్త. వాళ్ళ మిరప చేను పక్కనే, కంకర రోడ్డును ఆనుకొని అరెకరంలో ఆమె గోరుచిక్కుడు. కోతలు మొదలైన వేళ ఆకులన్నీ తెల్లబడ్డాయి. ఆకు రాలితే కాపు ఆగిపోతుంది. గట్టు మీద నిలబడే, "బూడిద తెగులు. చేనంతా గంధకం కొట్టించండి," అన్నాను.

ఆమె భర్త అప్పటికే పంపు భుజానికెత్తుకున్నారు. "మిరపకు కలిపిన పురుగుమందు మిగిలింది. దీనిమీద కొట్టేస్తే పోలా?"

"మిరపకాయ ఎండబెట్టి అమ్ముతావు. ఇది రేపు ఎవరింట్లోనో కూరవుతుంది. దించు," అన్నారామె.

ఆ మందు తెగులును ఆపదని నేనూ అన్నాను. ఆమె నావైపు తిరిగారు. "సారూ, మీరూ గట్టు దిగి రండి."

వరుసకు రెండు ఆకుల చొప్పున తడిగుడ్డతో సగం తుడిచి, కాడకు దారం కట్టారు. "నాలుగు రోజులాగి చూద్దాం. దుమ్మయితే పైన పరుచుకుంటుంది. తెగులయితే చుక్కలుగా మొలుస్తుంది."

"ఆఫీసరుగారికే పరీక్ష పెడుతున్నావా?" అని ఆయన నవ్వారు.

"ఆయనకు కాదు, ఆకుకు."

నాలుగో రోజున రోడ్డువైపు వరుసల్లో ఉన్నది పల్చటి దుమ్మే. లోపలి వరుసల్లో మాత్రం తుడిచినచోటే, ఆకుకు రెండువైపులా, తెల్లని గుండ్రటి మచ్చలు. నా మాట సగం చేనుకు తప్పు. ఆమె ముందు కాయ కోయించారు. బాగా తెల్లబడ్డ అడుగు ఆకులు గంపలోకి తుంచి గోతిలో పూడ్చారు. ఎండలో కొడితే గంధకం ఆకును మాడుస్తుంది గనుక చల్లబడ్డాక, లోపలి వరుసలకే, ఆకు అడుగు తడిసేలా కొట్టించాను. రోడ్డువైపు కాయ ఏ మందూ తగలకుండా అద్దంకి మార్కెట్టుకు వెళ్ళింది.

తరువాత ఎప్పుడు వెళ్ళినా, మజ్జిగ ఇచ్చేముందు ఒక ఆకు చేతిలో పెట్టేవారు. "ముందు ముట్టుకొని చెప్పండి సారూ."

గంధకం కొట్టించిన ఆ సాయంత్రమే ఆమె ఇంకో మాట అడిగారు: "తెగులున్న వరుస ఒకటి ఏమీ చేయకుండా వదిలేద్దామా? దాంతో పోల్చి చూస్తే మన పని వల్ల ఎంత తగ్గిందో తెలుస్తుంది." తెగులు పక్క వరుసలకు పాకుతుందన్న భయంతో నేను ఒప్పుకోలేదు. పది రోజుల్లో కొత్త ఆకులు పచ్చగా, శుభ్రంగా వచ్చాయి. అది గంధకం వల్లనో, ఆమె తుంచి పూడ్చిన ఆకుల వల్లనో, ఆ వారం వాతావరణం మారడం వల్లనో నాకు ఈనాటికీ తెలియదు.