చేతివాటం

1978లో నేను విశాఖ రేవులో ఓడల సరుకు దించే ఒక కంపెనీలో లేబర్ ఆఫీసరుగా చేరాను. కార్మికుల మీద వచ్చే అభియోగాలను విచారించడం నా పనుల్లో ఒకటి. దొంగతనం రుజువైతే గేటు పాసు రద్దవుతుంది. పాసు పోయిన మనిషికి రేవులో మరెవరూ పనివ్వరు.

ఆ వానాకాలంలో ఒక గ్యాంగు మోసిన గోధుమ బస్తాలకు తరుగు వచ్చింది. కాపలా ఇన్‌స్పెక్టరు ఆ గ్యాంగు మేస్త్రీ సింహాచలాన్ని కారణం అడిగాడు. “అప్పన్నది సేతివాటం బాబూ. తరుగు రాక ఏటవుద్ది?” అన్నాడు మేస్త్రీ. ఇన్‌స్పెక్టరు ఆ మాటకు మనమంతా ఇచ్చే అర్థమే ఇచ్చి, ఆ గ్యాంగులో బస్తాలెత్తే అప్పన్న మీద దొంగతనం అభియోగం పెట్టాడు.

విచారణ గదిలో అప్పన్న మేస్త్రీని నిలదీశాడు.

“ఏటి బావా, నాను దొంగనని సెప్పినావంట?”

“నానెప్పుడన్నానురా? నీది సేతివాటం అన్నాను. కాదేటి?”

అప్పన్న తగ్గాడు. “అదైతే అవును గానీ...”

“ఒప్పుకున్నాడు, రాసుకోండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను రాయలేదు. ఆ మాటకు అర్థమేమిటని మేస్త్రీని అడిగాను. అతను అప్పన్న ఎడమ చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాడు. బస్తాను ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొక్కేలతో లేపుతారు. ఇద్దరిదీ కుడి చెయ్యి అయితే కొక్కేలు ఎదురు మూలల్లో పడతాయి. ఒకడిది ఎడమ చెయ్యి అయితే రెండూ ఒకే పక్కన పడి, గోనె చిరిగి గింజ కారిపోతుంది.

మరి ఎడమ అని ఎందుకు చెప్పలేదన్నాను.

“కుడికి వాటమని ఎవులైనా సెప్తారేటి బాబూ?”

చేతివాటమంటే దొంగతనం కాదా అని ఇన్‌స్పెక్టరు రెట్టించాడు.

“మాలో దొంగని దొంగనే అంతాం బాబూ. కుర్సీలో కూకున్నోడు కాజేత్తేనే సేతివాటం అంతారు.”

అప్పన్న నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

మాట ఒక్కటే సాక్ష్యానికి చాలదు. మర్నాడు ఓడ దగ్గరికి వెళ్ళి అప్పన్న, అతని జతగాడు బస్తాలు లేపడం చూశాను. మూడో బస్తా చిరిగింది. అభియోగం కొట్టేశాను. అప్పన్నను గోనెలు కుట్టే పనికి మార్చారు.

మేస్త్రీ, ఇన్‌స్పెక్టరు పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెల అప్పన్న కూడా పోయాడని తెలిసి కంచరపాలెం వెళ్ళివచ్చాను. ఆనాడు ఆ గదిలో ఉన్నవాళ్ళలో నాకు తెలిసి నేనొక్కణ్ణే మిగిలాను.

తర్వాత చేసిన విచారణలన్నిటిలో సాక్షి మాటను అతను పలికినట్టే రాసుకుని, అర్థం అతన్నే అడిగేవాణ్ణి. చాలాసార్లు నాకు తెలిసిన అర్థమే చెప్పేవారు. అయినా అడిగేవాణ్ణి.