తాకని కడవ

మొన్న మధ్యాహ్నం రత్నత్త మనవరాలు హిందూపురం నుంచి బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, చేతిసంచిలోంచి ఒక పొట్లం తీసి నా మంచం మీద పెట్టింది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. ఎనభై దాటిన నా ముక్కుకు ఈ మధ్య పోపు మాడిన వాసన కూడా ఆలస్యంగానే అందుతోంది గానీ, ఎండీ ఎండని ఉత్తరేణి పుల్లల పచ్చి మట్టివాసన మాత్రం సరాసరి గొంతులోకి వచ్చి కూర్చుంది. ఋషిపంచమి వ్రతానికి కావలసిన సమస్త సామగ్రి అని పొట్లం మీద అచ్చు వేసి ఉంది. పుల్లలు, పసుపు, దారం, ఒక పల్చటి పుస్తకం. ఆడవాళ్లు తమ పాపం కడుక్కోవడానికి కూడా ఇప్పుడు పొట్లాలు కట్టి అమ్ముతున్నారన్నమాట. పొట్లాన్ని మంచం అంచుకు జరిపి కాసిన్ని మంచినీళ్లు అడిగాను.

రత్నత్త మా నాయనకు చెల్లెలు. నేను గౌన్లు తొడుక్కొని వీధుల్లో తిరిగే రోజుల్లో, అంటే పెద్ద యుద్ధం ఇంకా రాకముందు, ధర్మవరంలో మా వీధి వీధంతా మగ్గాలే. చీకటి విడవకముందే నాయన మగ్గం గుంతలోకి కాళ్లు దించితే, అటుపక్క ఇంటివాళ్లూ ఇటుపక్క ఇంటివాళ్లూ కూడా దించేవాళ్లు, ఇక పొద్దుగూకే వరకు ఆ టకటకలు ఆగేవి కావు, ఎప్పుడైనా ఆగితే ఎవరో పోయారని పిల్లలకు కూడా తెలిసేది. పట్టు ఉడకేసిన రోజు సబ్బునీళ్లలో నానిన పురుగుల కంపు వీధి చివరి దాకా కొట్టేది. ఆ కంపులోనే మేము సంగటి ముద్దలో ఊరుబిండి నంజుకొని తినేవాళ్లం, ఎండ వాలగానే చిత్రావతి ఇసుకలోకి పరుగెత్తి చెలమలు తవ్వి, ఎవరి చెలమలో నీళ్లు ముందు ఊరితే వాళ్లు రాణి అని ఆడేవాళ్లం. శ్రావణం వస్తే అలసంద వడలు, చవితికి బెల్లం కడుబులు. పట్టు ఎక్కడ తడుస్తుందోనని మా అవ్వ ఆకాశం కేసి చూసి తిట్టని వానంటూ ఉండేది కాదు.

పెరట్లో బోదగడ్డి కప్పిన చిన్న వసారా ఒకటి ఉండేది. ఇంట్లో ఆడవాళ్లు ఎవరికి ముట్టయినా ఆ మూడు రోజులూ అక్కడే కూర్చోవాలి, అక్కడే పడుకోవాలి, కంచం దూరం నుంచి జరిపితే తినాలి. నీళ్ల కడవ, పొయ్యి, దేవుడి గూడు, ఊరగాయ జాడీ ఏవీ తాకకూడదు. అయితే రాట్నం మాత్రం తాకవచ్చు. పొద్దున్నే మా అవ్వే పట్టుదారపు చిలపలు తెచ్చి వసారా గడపలో పెట్టేది. బయట కూర్చున్న మనిషి మూడు రోజులూ ఆ దారాన్ని మగ్గానికి కండెలుగా చుట్టాల్సిందే. పట్టుకు మైల లేదని మా వాళ్ల వాడుక. కుండకు అంటుకునే మైల పట్టుకు ఎందుకు అంటుకోదో నేను అడిగితే అవ్వ, నాలుగు కండెలు తగ్గితే మీ నాయన మగ్గం నిలిచిపోతుంది, అందుకే అంటదు అంది. ఆ ముసలిది అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక చేసుకునేది కాదు.

రత్నత్తను హిందూపురంలో బట్టల అంగడి ఉన్న ఇంటికి ఇచ్చారు. వాళ్లూ మా వాళ్లే గానీ, మగ్గం దిగి అంగడి పెట్టాక మడి ఎక్కువైంది. అత్తకు మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండో బిడ్డ పుట్టి, పదకొండో రోజు పురుడు కూడా కాకుండానే పోయింది. బాలింత ఒళ్లు ఇంకా ఆరకముందే రత్నత్తను ఆమె మామగారు తెచ్చి మా ఇంట్లో దింపి, భోజనం కూడా చేయకుండా తిరుగు రైలెక్కాడు. కోడలు ముట్టులో నీళ్ల కడవ తాకి ఉంటుందనీ, అందుకే బిడ్డలు నిలవడం లేదనీ ఆమె అత్తగారు అన్నదట. ఆ అత్తగారిని నేను హిందూపురం అవ్వ అనేదాన్ని. మా రత్నత్తకు అప్పటికి ఇరవై నిండాయో లేదో. పగలంతా నాతో అచ్చనగండ్లు ఆడి గెలిచి వెక్కిరించేది. స్నానానికి వెళ్లినప్పుడు మాత్రం ఎంతకీ బయటికి వచ్చేది కాదు.

ఆ శ్రావణంలోనే పెనుకొండ నుంచి ఒక పంతులు వచ్చి మా వీధి భజన మందిరంలో సాయంత్రాలు పురాణం చెప్పాడు. మనిషి మంచివాడే, పిల్లలకు కలకండ పలుకులు పెట్టేవాడు, గొంతు ఎంత తీయగా ఉండేదంటే ఆయన రాగం తీస్తే నాయన కూడా మగ్గం దిగి వచ్చేవాడు. నాకు అన్నిటికంటే రోత పుట్టించేది ఇప్పటికీ ఆ తీయటి గొంతే. మొగుడి కోసం నిప్పులో దూకినది, మొగుణ్ని మోసుకొని సానింటికి తీసుకుపోయినది, మొగుడు శపిస్తే నోరెత్తకుండా పడి ఉన్నది, ఇట్లాంటి ఆడవాళ్లనే వరసగా తెచ్చి మా ముందు నిలబెట్టేవాడు. మా వీధి ఆడవాళ్లు పైటచెంగులతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. చివరి రోజు ఋషిపంచమి కథ చెప్పాడు.

ఒక ఇల్లాలు ముట్టు రోజుల్లో వంటింటి కుండలు తాకిందట. ఆ పాపానికి మరుజన్మలో కుక్కయి తన కొడుకు వాకిట్లోనే పడిందట. ఆమెతో కలిసి ఉన్నందుకు మొగుడు అదే ఇంట్లో ఎద్దయ్యాడట. తద్దినం నాడు పాయసం గిన్నెలో పాము విషం కక్కితే ఆ కుక్క చూసి, తినేవాళ్లు చచ్చిపోతారని పరుగెత్తి గిన్నెలో మూతి పెట్టిందట. కోడలు కొరివికట్టె తీసుకొని దాని నడుము విరగ్గొట్టిందట. ఆ రాత్రి కుక్కా ఎద్దూ తమ బాధ చెప్పుకుంటే కొడుకు విని, ఋషులను అడిగి, వ్రతం చేయించి వాళ్లకు విముక్తి కలిగించాడట. అందరూ దండం పెట్టారు. అంతమంది ప్రాణాలు కాపాడినదానికి ఆ పుణ్యం ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఎప్పుడో కుండ తాకిన పాపం మాత్రం జన్మ దాటి వెంటాడిందట. నాకు చదువు లేని వయసు అది, అయినా ఈ కథలో ఏదో కుళ్లిందని ముక్కుకు తెలిసింది.

మా వసారా దగ్గర ఒక గోధుమరంగు ఆడకుక్క పడుకునేది. బయట కూర్చున్నవాళ్లు పెట్టే మెతుకులే దాని బతుకు. ఆ కథ విన్న మర్నాటి నుంచి నేను దాని వెంటపడి, పోయినవాళ్ల పేర్లన్నీ వరసగా పెట్టి పిలిచాను. పక్కింటి నరసమ్మ పేరుకు తోక ఊపింది. పోయి అవ్వతో చెప్పాను.

"అవ్వా, మన కుక్క నరసమ్మేనా?"

"యాడిదే నీ గోల? అయితే అయ్యుంటాదిలే. నరసమ్మకి బతికినన్నాళ్లూ కడుపు నిండా కూడు లేదు, ఇప్పుడన్నా ఇంత పెట్టు."

రత్నత్త ఆ మాటకు నవ్వలేదు. ఆ నెల తాను బయట కూర్చున్నప్పుడు తన కంచంలో సగం దానికి పెట్టి, అది తినడం చూస్తూ కూర్చుంది.

చవితికి ముందు హిందూపురం నుంచి కబురు వచ్చింది. కోడలు వచ్చి ఋషిపంచమి వ్రతం పట్టి, చేసిన తప్పు నలుగురిలో ఒప్పుకుంటే ఏలుకుంటామని. లేకపోతే కొడుక్కు వేరే పిల్లను చూసుకుంటామని. నాయన ఆ రోజు మగ్గం నేయలేదు. చవితి రోజు అవ్వా, నాయనా, రత్నత్తా, నేనూ రైలెక్కాం. మూటలో కడుబులు ఉన్నాయి. పెనుకొండ దగ్గర కిటికీలోంచి కొండను చూపిస్తూ, ఆ బండల కింద రాణులు దాచుకున్న నగలు ఉన్నాయని అత్త నాకు కోతలు కోసింది.

మర్నాడు తెల్లవారుతూనే వాళ్ల పెరట్లో అత్తను కూర్చోబెట్టి నూటెనిమిది ఉత్తరేణి పుల్లలతో పళ్లు తోమించారు. సగం కట్ట కాకముందే చిగుళ్లు చిట్లి నురగంతా ఎర్రగా వచ్చింది. పాపం పోతోంది చూడండి అని ఒక ముత్తైదువ సంతోషపడింది. తర్వాత నెత్తిన నీళ్లు కుమ్మరించి, తడిబట్టతోనే పీట మీద కూర్చోబెట్టారు. ఎదురుగా హిందూపురం అవ్వ మడికి పట్టుచీర కట్టుకొని కూర్చుంది. పురోహితుడు సంకల్పం చెప్పి, తెలిసి చేసినా తెలియక చేసినా పోతుందని మంత్రంలోనే ఉంది, వేరే ఏమీ చెప్పనక్కర్లేదమ్మా అన్నాడు. హిందూపురం అవ్వ ఒప్పుకోలేదు.

"మంత్రం మాకేమి తెలుస్తాది సామీ. మేమంతా వినేటట్ల చెప్పల్ల. ఏం తాకినావో చెప్పు."

అత్త మా అవ్వ వైపు చూసింది. మా అవ్వ నేల చూసింది. వాకిట్లో నాయన ఉన్నాడు, అత్త మొగుడు తిన్నె మీద కూర్చొని వక్కలు కత్తిరిస్తున్నాడు, ఆ కత్తెర చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. నేను నాయన లేచి వస్తాడని గడప వైపే చూశాను.

"నీళ్ల కడవ తాకినా," అంది అత్త.

"ఎన్ని తూర్లు?"

"రెండు తూర్లు."

పోయిన బిడ్డలు ఇద్దరు. లెక్క సరిపోయిందని అందరూ తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత వ్రతం నియమం ప్రకారం పండ్లూ, దున్నని నేలలో దొరికిన ఆకూ దుంపా వండిందీ పెట్టారు. నేను తినలేకపోయాను.

తిరుగు రైల్లో నాయన, పోనీలే అమ్మా బిడ్డ కాపురం నిలబడింది అన్నాడు. అవ్వ కిటికీలోంచి ఉమ్మింది.

"ఆయమ్మ మడికి కట్టుకున్న చీర మన మగ్గం మీద దిగిందేరా. దాని కండెలన్నీ రత్న బయటుండి చుట్టినవే. నా నోరు పడిపోయింది గానీ, ఆడ్నే అడుగుదామనుకుంటి."

అడగలేదు. అడిగి ఉంటే కూతురి బతుకు ఏమయ్యేదో అవ్వకు తెలుసు. నాయనకు అదీ తెలియదు, కాపురం నిలబడిందన్నదే తెలుసు. మా నాయన అంటే నాకు ప్రాణం. అయినా ఆ రోజు ఆయన పక్కన కూర్చోబుద్ధి కాక అవ్వ ఒళ్లోకి ముడుచుకున్నాను.

మరుసటి ఏడు రత్నత్తకు కొడుకు పుట్టి నిలిచాడు. ఇంకేముంది, వ్రతమహిమ హిందూపురం నుంచి అమరాపురం దాకా పాకింది. ఏ ఇంట్లో బిడ్డ పోయినా మా అత్తను పేరంటానికి పిలిచి ఆమె నోటితో చెప్పించేవాళ్లు. కడవ తాకినాను, వ్రతం చేసినాను, కొడుకు నిలిచినాడు. అత్త చెప్పేది. చెప్పీ చెప్పీ ఆమె గొంతు కూడా తీయనైంది. తన కోడలిని మూడు రోజులూ గోడ వారనే కూర్చోబెట్టింది. నేను పెళ్లయి బిడ్డల తల్లినయ్యాక ఒకసారి హిందూపురం వెళ్లి, ఎవరూ లేనప్పుడు అడిగాను, నిజంగా తాకినావా అత్తా అని. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ తలెత్తకుండా చెప్పింది.

"యాడ తాకినానే. తాకలే. తాకినానని చెప్పకుంటే నా కొడుకు యాడుంటాడు?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పుస్తకాలు రాసినవాళ్లను తిట్టవచ్చు, పాడినవాళ్లను తిట్టవచ్చు, ఆ మాటను ఎవరేం చేస్తారు?

ఇప్పుడు టీవీలో ఒకాయన ఉదయాన్నే వచ్చి, ఆ మూడు రోజులు ఆడవాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని పెద్దలు పెట్టిన ఏర్పాటు అది, అంతా శాస్త్రం అంటాడు. విశ్రాంతి తీసుకోనిదాన్ని కుక్కను చేసే శాస్త్రం ఏమిటో చెప్పడు. మా మనవడేమో ఆ పుస్తకాలన్నీ తగలబెట్టాలంటాడు, అన్నవాడు అన్నట్టే తిన్న కంచం వదిలి లేచిపోతాడు, తీసేది వాడి పెళ్లాం. ఇద్దరినీ చూస్తే నాకు ఒకటే రోత.

రత్నత్త మనవరాలు బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. రెండుసార్లు కడుపు నిలవలేదు. డాక్టరు దగ్గరికి తిరుగుతూనే ఉంది. అత్తగారు ఒక్క మాట అనలేదట, ఈ పొట్లం తానే కొనుక్కుంది. మా అవ్వ ఈ వ్రతం చేసేటప్పుడు నువ్వు చూసినావంట, చేసినంకనే మా నాయన పుట్టినాడంట, ఎట్ల చేయల్లో చెప్పు అని అడిగింది. నేను ఉన్నదంతా చెప్పాను, చిగుళ్ల నెత్తురూ, వక్కల కత్తెర చప్పుడూ, మా అవ్వ రైల్లో అన్నదీ. మీ అవ్వ ఏ కడవా తాకలేదమ్మా, నాతోనే చెప్పింది అన్నాను. ఆ పిల్ల పుల్లల కట్టకు చుట్టిన దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అడిగింది.

"అట్లయితే నేనేం తాకినానని చెప్పల్ల అవ్వా?"

మా పెరట్లో ఆ వసారా కూలిపోయి ఎన్నో ఏళ్లయింది, దాని చోట స్నానాలగది కట్టారు. మగ్గం గుంత పూడ్చి పైన గచ్చు చేశారు, చెలమలు తవ్విన ఇసుకను లారీలు ఎత్తుకుపోయాయి, ఉడకేసిన పట్టు కంపు కూడా మా వీధిలో లేదు. నరసమ్మ పేరుకు తోక ఊపిన కుక్క సంతతి ఎక్కడుందో తెలియదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని, ఏమీ తాకలేదని చెప్పు తల్లీ, అంతే చెప్పు అన్నాను. ఆనాడు హిందూపురంలో మా వాళ్లలో ఎవరో ఒకరు అనవలసిన మాట అది. ఆ పిల్ల తల ఊపింది. కాఫీ తాగింది, నా కాళ్లకు దండం పెట్టింది. బస్సుకు పొద్దుపోతోందని లేచి, పుల్లలు విరగకుండా పొట్లం మళ్లీ జాగ్రత్తగా కట్టి, సంచిలో పెట్టుకొని వెళ్లింది.