అప్పన్న చెక్కచేప పక్కకి ఎందుకు పోయింది

నా మీద ఉన్న బరువుని తూకం వేస్తే ముల్లు కూడా కదలదు. ఒక ఇత్తడి రింగు, అది వెంట్రుకవాసి ఎడమకి వంగి ఉండటం. అంతే. దాన్నే ఇరవై ఏళ్ళకి పైగా మోస్తున్నాను. మా ఆవిడకి చెప్పలేదు. అమ్మవారి గుడిలో చెప్పుకుందామని రెండు మూడుసార్లు వెళ్ళాను. కళ్ళు మూసుకుని దండం పెట్టి, పిల్లల చదువులు, నా మోకాలి నొప్పి, ఇంకా ఏవేవో విన్నవించుకుని వచ్చేశాను. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

పజుండౌంగ్‌లో, వాగుకి దగ్గర్లో, గాలాల కొట్టులో పని చేస్తాను. రాడ్లు, రీళ్ళు, దారాలు, చేపని మోసం చేసే ఉత్తుత్తి చేపలు అమ్ముతాం. యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, పండుగప్ప చేప కోసం గాలం వేసేవాళ్ళు చాలామంది ముందు నా దగ్గరికే వస్తారు. వచ్చినవాడు గోడ మీద అన్నిటికంటే మెరిసే రాడ్ వైపు వేలు చూపిస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది. ముందు ఎక్కడ నిలబడి వేస్తావో చెప్పు నాయనా అంటాను. ఒడ్డు మీంచా, పడవలోంచా? పండుగప్ప ఎరని కొరకదు, నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేసుకుంటుంది. రాడ్ కొస మరీ బిర్రుగా ఉంటే దాని నోట్లోంచి మనమే ఎరని గుంజేసుకుంటాం. మొదలు మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే అది జెట్టీ స్తంభాల సందులో దూరాక బయటికి తేలేం. రాడ్ మీద కూర్చునే గుండ్రటి రీల్ కొత్తవాడికి ఇస్తే మొదటి విసురుకే దారమంతా చిక్కు పడిపోతుంది, కింద వేలాడే రీలే వాడికి మంచిది. చేప చెంప అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి కొసన లావుపాటి దారం కట్టుకోవాలి. నీళ్ళు టీ రంగులో ఉన్నాయా, బంగారు రంగు ఎర తీసుకో. ఇలా ఒక్కొక్కటీ విడమరిచి చెబుతాను. నిజాయితీ గల మనిషి, అక్కర్లేనిది అంటగట్టడు అని జనం నన్ను మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నేను అల్మారాలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరుగుతాను. నా నిజాయితీ నిజంగా నాదేనా, లేక ఆ ఒక్క రోజుకి రోజూ కట్టుకుంటున్న జరిమానానా? నాకే తెలియదు.

ఎందుకంటే ఈ కొట్టులో నేను కూర్చునే బల్ల అప్పన్నకి రావలసింది.

అప్పన్నా నేనూ నదికి అవతల, దలాలో, పక్కపక్క ఇళ్ళలో పెరిగాం. మా ఇద్దరి తాతలూ గంజాం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. మా ఇద్దరికీ చేపల పిచ్చి. కొట్లో ఎరలు కొనే స్తోమత లేక బూరుగు చెక్కతో మేమే చెక్కుకునేవాళ్ళం. నేను చెక్కింది చేపలా ఉండేది. వాడు చెక్కింది చేపే. నీళ్ళలో లాగితే ఒళ్ళు విరుచుకుంటూ, తోక ఆడిస్తూ, ఇప్పుడే ఎవరో తరిమినట్టు పోయేది. ఎలా చేశావురా అంటే "ఏమోరా, చెయ్యి ఎటెల్తే అటెల్లేను" అనేవాడు. వాడికి గర్వం లేదు. ఉంటే బాగుండేది, నాకు వాణ్ణి ద్వేషించడం తేలికయ్యేది.

అప్పటి కొట్టు యజమాని ఊ తెయిన్ అని ఒక బర్మా పెద్దాయన. కళ్ళలో పొరలొచ్చి చూపు మందగించింది. చేతిపని ఎరలు చేసే మనిషి కోసం వెతుకుతున్నాడు. ఒకటే బల్ల, ఒకడికే పని. ఇద్దరూ ఒక్కో చెక్కచేప చేసుకుని రండి, వాగులో మూడేసి సార్లు విసరండి, మొదలుపెట్టాక ఎవరూ దేన్నీ సవరించకూడదు, తిన్నగా ఈదినదాన్ని చేసినవాడిదే బల్ల అన్నాడు. మా ఇద్దరికీ అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. దలాలో కూలి తప్ప వేరే దారి లేదు. ఆ బల్ల దొరికితే బతుకు ఒక ఒడ్డుకి చేరుతుంది. నాకూ, వాడికీ కూడా.

పోటీకి నాలుగు రోజుల ముందు ఇత్తడి రింగుల కోసం నేనొక్కణ్ణే కొట్టుకి వెళ్ళాను. ఆ రోజు ఊ తెయిన్ ఎందుకో మంచి హుషారు మీద ఉన్నాడు. దారం కట్టే ముక్కు రింగు చెక్కచేపకి ప్రాణం లాంటిదని చెప్పాడు. అది వెంట్రుకవాసి ఎటు వంగితే చేప అటే పోతుంది, అవతలి పక్కకి అంతే వంచితే మళ్ళీ తిన్నగా వస్తుంది. ప్లయర్‌తో చేసి చూపించాడు. ఇంటికి వెళ్ళి ఆ సంగతి అప్పన్నకి చెప్పలేదు. మర్చిపోయానా? లేదు. చెప్పాలని గుమ్మం దాకా వెళ్ళి మరీ వెనక్కొచ్చాను. నా తప్పు పోటీ రోజు పడవలో మొదలైందని చాలాకాలం అనుకున్నాను. కాదు, ఆ గుమ్మం దగ్గరే మొదలైంది.

పోటీ రోజు పొద్దున్నే ఇద్దరం ఫెర్రీ ఎక్కాం. అప్పన్న తన చేపని తుండుగుడ్డలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "ఒరే, ఇది కాస్త అట్టుకోరా. కిందెడితే రంగు పోతాది. టీ అట్టుకొచ్చెత్తాను" అని జనంలోకి దూరాడు. చేప నా అరచేతిలో ఉంది. తేలిగ్గా, ఇంకా వార్నిష్ వాసన వేస్తూ. నా జేబులో ప్లయర్ ఉంది. చుట్టూ కూరగాయల బుట్టలు, సైకిళ్ళు, పిట్టలకి గింజలు చల్లుతున్న పిల్లలు. ఎవరూ నావైపు చూడటం లేదు. నేనేమీ ఆలోచించలేదని మీతో చెబితే బాగుంటుంది, కానీ అబద్ధమవుతుంది. ఆలోచించాను. ఎంత వంచితే కంటికి కనబడదో, ఎంత వంచితే చేప పక్కకి పోతుందో, ఆ రెండిటి మధ్య ఎంత చోటుందో లెక్క వేసుకుని మరీ వంచాను. ఒక్క మెలిక. వాడు రెండు గ్లాసులతో వచ్చాడు. మీగడ ఎక్కువున్న గ్లాసు నాకిచ్చాడు. తాగాను.

వాగు ఒడ్డున నా చేప మూడుసార్లూ తిన్నగా వచ్చింది. అప్పన్నది ఎడమకి తిరిగి, పక్కకి ఒరిగి, చచ్చిన చేపలా తేలింది. మూడుసార్లూ అంతే. ఊ తెయిన్ కళ్ళు చికిలించి చూసి, చెక్కలోనే ఏదో దోషముంది అన్నాడు. ఇంటి దగ్గర కుండీలో బాగా ఈదింది కదా, వాగు పోటుకి తట్టుకోలేదేమో అని అప్పన్న తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. నేను తల ఊపాను. అప్పుడు వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నా సేతిలో ఏటీ నేదురా. నీదే బాగుంది. ఎల్లు, నువ్వు కూకో బల్ల మీద."

ఇదే నాకు ఎప్పటికీ వినిపించే మాట. వాడు నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఆ తర్వాత వాడు కత్తి పట్టలేదు. మింగళాడోన్ వైపు ఒక ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు కట్టే పనిలో చేరాడు. రోజూ ఫెర్రీలో నది దాటి రెండు బస్సులు మారి వెళ్ళేవాడు. నేను ఇటు కాపురం మార్చేశాను. ఎప్పుడైనా జెట్టీ దగ్గర దూరం నుంచి కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి. వాడి పెళ్ళికి జ్వరమని కబురంపాను. కూతురు పుట్టిందని తెలిసి సంతోషించాను, ఆ సంతోషం వాడికి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఊ తెయిన్ పోయాడు. కొట్టు చేతులు మారింది. బల్ల మాత్రం నాదే.

ఈ ఏడాది వానలు వెనకబట్టాక ఒక అమ్మాయి కొట్టుకొచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయి. పేరు గౌరి అంది. సెలవురోజుల్లో స్నేహితులతో పండుగప్పకి వెళ్తోందట, రాడ్ కావాలంది. ఎవరు పంపారమ్మా అన్నాను.

"నాన్నే బాబాయ్. దలా అప్పన్న. రాడ్ ఎంచాలంటే మీ తరవాతే ఎవరైనా అన్నాడు."

వాడే పంపాడు. నా దగ్గరికి. ఆ పిల్ల సంచిలోంచి ఒక పాత రేకు డబ్బా తీసింది. అందులో ఆ చేప. రంగు పెచ్చులూడింది, కన్ను ఒకటి చెరిగింది. "ఇది నాన్న సేసిందే. ఈదదు, పడేయమంటాడు. నాకు పడేయబుద్ధి కాలేదు. ఎందుకు పక్కకెల్తాది బాబాయ్?"

తీసుకుని వెలుగులో పట్టుకున్నాను. వంపు అలాగే ఉంది. నా చెయ్యి నాకు కనిపించింది. ప్లయర్ తీసి, కుడికి వెంట్రుకవాసి వంచి, దారం కట్టి, వెనక ఉన్న నీళ్ళ రేకు తొట్టిలో లాగాను. ఏమని చెప్పను! ఇరవై ఏళ్ళు డబ్బాలో పడున్న చేప ఒళ్ళు విరుచుకుని, తోక ఆడించుకుంటూ, తొట్టి ఈ చివరనుంచి ఆ చివరకి గీత గీసినట్టు పోయింది. గౌరి చప్పట్లు కొట్టింది. నాన్న సరిగ్గానే చేశాడు అని బర్మా భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి అంది. రింగు వంగిందమ్మా అన్నాను. ఎవరు వంచారో అప్పుడు కూడా చెప్పలేదు. ఛీ, నా బతుకు! ఆమె మణికట్టు చూసి సన్నపాటి పిడి ఉన్న రాడ్, తేలికపాటి రీల్ ఎంచి ఇచ్చాను. నా అనుభవంలో అంత శ్రద్ధగా ఎవరికీ ఎంచలేదు. అది కూడా తప్పించుకోవడమేనని ఆమె వెళ్ళాక తెలిసింది.

ఆ ఆదివారం దలా వెళ్ళాను. కానుకగా మంచి రీల్ ఒకటి సంచిలో పెట్టుకుని, లంచంలా అనిపించి, తీసి లోపల పెట్టేసి, ఉత్త చేతులతో ఫెర్రీ ఎక్కాను. అప్పన్న వాకిట్లో సైకిల్ చెయిన్ ఎక్కిస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి, నవ్వి, రారా అన్నాడు. కూర్చుంటే ఇంక చెప్పలేనని నిలబడే చెప్పేశాను. గుమ్మం సంగతి, పడవ సంగతి, ప్లయర్ సంగతి. వాడు గ్రీజు చేతులు అలాగే పట్టుకుని విన్నాడు.

"ఎటు వొంచేవు?"

"ఎడంపక్కకి."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

వాడు తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఈటినే తిట్టుకున్నాన్రా" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎల్లిపో. ఇప్పుడు నీతో మాటాడనేను."

వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగితే వాడి మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి, అయినా నది మధ్యలోకి వచ్చేసరికి ఊపిరి కడుపు దాకా దిగింది. అలా దిగి ఎన్నాళ్ళైందో! అంత తప్పు చేసినవాడికి అంత హాయి ఉండొచ్చా అని నన్ను నేను అడిగాను. ఉంది మరి, ఏం చెయ్యను?

నెల గడిచింది. వాడి నుంచి కబురు లేదు. నేనూ ఎదురుచూడలేదు అంటే అబద్ధం. నిన్న మధ్యాహ్నం గౌరి వచ్చింది. చేతిలో తుండుగుడ్డ మూట. విప్పితే మూడు చెక్కచేపలు, కొత్తవి, బూరుగు చెక్కవి, వార్నిష్ వాసన ఇంకా పోలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకదాన్ని తీసుకుందామని చెయ్యి చాపాను.

"ఉండండి బాబాయ్" అని ఆమె మూట వెనక్కి లాక్కుంది. మొహమాటపడుతూనే చెప్పింది. "మీ సేతికి ఇవ్వొద్దన్నాడు నాన్న. మీరు దూరం నుంచి సూడాలంట."

సరేనమ్మా అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని తొట్టికి రెండడుగుల దూరంలో నిలబడ్డాను. మొదటి చేప తిన్నగా పోయింది. రెండోది కూడా. మూడోది కొంచెం ఎడమకి లాగింది. ఆమె తన సంచిలోంచి ప్లయర్ తీసి, ముక్కు రింగు పట్టుకుని, నావైపు చూసింది.

"ఎటు బాబాయ్?"

ఇరవై ఏళ్ళ కిందట ఒక గుమ్మం దగ్గర నేను మింగేసిన మాట అది. చేతులు వెనకే ఉంచుకుని చెప్పాను.

"కుడికమ్మా. వెంట్రుకవాసి."

ఆమె వంచింది. చేప తిన్నగా ఈదింది.