ముందే చెప్పేసే జోకు

కర్నూలు కాలేజీలో మా తరగతి మొత్తానికి సిక్కు తలపాగా ఉన్నది అతనొక్కడికే. పోయిన వేసవిలో అతను చనిపోయాడని తెలిసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది అతని అలవాటు. కొత్తగా ఎవరు పరిచయమైనా, వాళ్లు నోరు తెరవకముందే సర్దార్ల మీద ఒక జోకు తనే చెప్పేసేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"వాళ్లు చెప్తే నేను ఊరికే నిలబడుకోవాల. నేను చెప్తే నవ్వి పోతారు," అన్నాడు.

అతను పుట్టి పెరిగింది డోన్‌లో. తండ్రికి అక్కడ లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ఒక ఆదివారం ఆయన హాస్టల్‌కు వస్తున్నాడని తెలిసి, గదిగదికీ తిరిగి బతిమాలాడు. "మా నాయన ముందర మాత్రం ఆ జోకులు వద్దప్పా."

మెస్సులో ఆ పెద్దాయన కూర్చోగానే ఒక జూనియర్ అందుకున్నాడు.

"అన్నా, ఆ అగ్గిపుల్ల సర్దారు కథ చెప్పన్నా. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా."

అతను తండ్రి వైపు చూడకుండా చెప్పాడు. దీపం ఆర్పానా లేదా అని అగ్గిపుల్ల గీసి చూసుకున్న సర్దారు కథ. బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

"ఇవన్నీ ఈళ్లకు నువ్వే నేర్పినావా, బేటా?" అన్నాడు తండ్రి.

పెద్దాయన లేచి, ఇంటి నుంచి తెచ్చిన రొట్టెల డబ్బా తెరిచాడు. ఆ జూనియర్‌తో మొదలుపెట్టి బల్ల పొడుగునా వడ్డించుకుంటూ వచ్చాడు. కొడుకు తల ఎత్తలేదు. మా అందరికీ పెట్టినట్టే అతని కంచంలోనూ ఒకటి పెట్టి, ఆయన పక్కవాడి దగ్గరికి జరిగాడు.