మిలిటరీ చిన్నాయన ఇప్పచెట్టు

నా చిన్నప్పుడు బడి వాగు అవతల ఉండేది. వాగు దాటించి చదివించడానికి మేం మగపిల్లలం కాదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ రాయలేకపోయాను. అరవై దాటాక అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా చాలాకాలం దీని జోలికి పోలేదు. మగవాడు మగవాడిని ఇష్టపడితే దాన్ని చెప్పడానికి మా ఊళ్లో ఉన్న మాటలన్నీ తిట్లే. ఆయన గురించి తిట్టుతో మొదలుపెట్టబుద్ధి కాలేదు.

మాది ములకలపల్లి అవతల అడవి అంచు పల్లె. ఆయన మా పక్కింటాయన, నాకు చిన్నాయన వరస. పట్టాలంలో చేరాడు కాబట్టి మిలిటరీ చిన్నాయన అనేవాళ్లం. సెలవుకు వస్తే ఊరంతా ఆయన వాకిట్లోనే ఉండేది. ఒకరికి టార్చిలైటు, ఒకరికి ఉన్ని రగ్గు, పెద్దమనుషులకు రమ్ము సీసా. ఇంట్లో తల్లి ఒక్కతే. ఆమె పోయిన మరుసటి ఏడు, చలికాలం చివర, నల్ల ట్రంకుపెట్టె మోసుకుని వచ్చేశాడు. అది సెలవు కాదు. ఇంకో సిపాయితో ఉండగా చూశారని, ఇద్దరినీ ఉద్యోగం తీసేసి పంపారని, అదే పట్టాలంలో పనిచేసే పొరుగూరి మనిషి వచ్చి చెప్పిపోయాడు.

టార్చిలైట్లు పుచ్చుకున్నవాళ్లే ముందు మొదలుపెట్టారు. "ఏందిరో, తుపాకి పట్టమని పంపితే ఇంకోని చెయ్యి పట్టినవంట!" అని చాయ్ హోటల్ దగ్గర పడిపడి నవ్వారు. ఊరి పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. "గసొంటోడు పక్కన పండితే మిగిలినోళ్లకు కన్ను మూతపడతదా? రూలు పెట్టినోళ్లు పిచ్చోళ్లా? సర్కారు మంచి పనే చేసింది" అన్నాడు. చిన్నాయన ఒక్కసారే బదులిచ్చాడు. "మంచుకొండల మీద ఒక్క రగ్గు కింద నలుగురం పండినం, పెదనాయనా. పొద్దుగాల లేసి అందరం బతికున్నమా లేదా, గంతే చూసుకున్నం." ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

తర్వాత ఇప్పపువ్వు కాలం వచ్చింది. మా దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో ఇప్పచెట్టు ఉంటుంది. కాగితం ఏమీ ఉండదు. పువ్వు రాలకముందు ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకులు ఊడ్చి కాలబెడతారు. ఇక పువ్వు కుళ్లిపోతున్నా పక్కవాళ్లు ముట్టరు. అందరూ పోయి పాడుబడ్డ ఇంటి చెట్టును మాత్రం ఊరంతా ఏరుకుంటుంది. చిన్నాయన వాళ్లమ్మ చెట్టు కింద ఊడ్చి కాలబెట్టాడు. జీతం పోయింది, ఆ వేసవికి ఆ పువ్వే ఆయన తిండి. అంతకన్నా పెద్ద సంగతి, చెట్టు పోయిందంటే ఆ ఊళ్లో ఆయన చచ్చినట్టే.

పువ్వు రాలిన మొదటి పొద్దున నేనూ మా నాయనమ్మా మా చెట్టు కింద ఏరుతున్నాం. పక్కనే ఆయన చెట్టు. కొందరు ఆడవాళ్లు గంపలతో దాని కిందికి వచ్చి కూర్చున్నారు. అందరికన్నా ముందు మా పెద్దమ్మ, నాయనమ్మకు పెద్దకోడలు.

"వదినా, అది మా అమ్మ చెట్టు" అన్నాడు చిన్నాయన.

పెద్దమ్మ తలెత్తలేదు. "మీ అమ్మ పోయె. నీకు పెండ్లాం లేదు, పిల్లల్లేరు, వచ్చేది లేదు. వంశం లేని ఇంటి చెట్టు ఊరిదే. పెద్దమనిషి చెప్పిండు."

"పట్టాలమే వద్దని ఎళ్లగొట్టింది, ఇగ మేమెంత?" అంది ఇంకొకామె. మిగిలినవాళ్లు నవ్వారు.

ఆయన అడ్డుపడలేక, వెళ్లిపోలేక అట్లాగే నిలబడ్డాడు. పువ్వు గంపల్లో పడుతూనే ఉంది.

మా నాయనమ్మకు ఆయనంటే ప్రేమేమీ లేదు. కబురు విన్నరోజు ఆమె కూడా తూ అని ఉమ్మేసింది. కానీ ఆ పొద్దున లేచి, మా గంప తెచ్చి పెద్దమ్మ ముందు కుమ్మరించింది.

"వంశం లేని ఇంటి చెట్టు ఊరిదైతే, ముందు నాది ఏరుకోండే. నా ఇద్దరు కొడుకులకూ ఆడపిల్లలే. రేపు ఇంకో ఇంటికి పోయెటోళ్లే. నీకు ముగ్గురాయె. మీ చెట్టు కాడికి ఎప్పుడు రమ్మంటవు?"

"ఆనికీ మనకూ పోలికేందత్తా? వాడు చేసిన పనేంది?"

"వాడు చేసింది నాకూ మింగుడుపడలే. బతికున్నోని చెట్టు ఏరుడు అసలే మింగుడుపడతలేదు."

అని ఊరుకోలేదు. నేరుగా పెద్దమ్మ వాళ్ల చెట్టు కిందికి నడిచి, కూలబడి, పువ్వు ఏరి ఒళ్లో వేసుకోసాగింది. "ఇగో, ఇదీ ఊరి చెట్టే! రాండి, అందరూ రాండి!" అని అడవంతా వినపడేలా అరిచింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ వాళ్ల వాళ్ల చెట్లు గుర్తొచ్చినట్టున్నాయి. ఒకామె బూతులు తిడుతూనే గంప బోర్లించింది. మిగిలినవాళ్లూ బోర్లించారు. పెద్దమ్మ మాత్రం నిండు గంప నెత్తికెత్తుకుని పోయింది.

దానితో ఊరు మారిందని రాయలేను. చెట్టు దక్కింది, అంతే. చిన్నాయన పోయేదాకా ఒక్క జెండా పండుగకూ ఆయన్ని పిలవలేదు. కబురు మోసుకొచ్చిన పొరుగూరి మనిషికి మాత్రం కుర్చీ వేశారు, దండ వేశారు. ఈమధ్య పేపరు కూడబలుక్కుని చదివాను. కోర్టు అది నేరం కాదన్నాక కూడా పట్టాలంలో అట్లాంటివాళ్లకు చోటు లేదనే అక్కడి పెద్దలు అన్నారట, క్రమశిక్షణ చెడుతుందట. పేపరు విసిరికొట్టాను. ఈ వయసులో అంత కోపం పనికిరాదని కోడలు మందలించింది. పనికివస్తుందనే నేననుకుంటున్నాను.

ఫలానావాడు లెక్కలోకి రాడని ఎవరన్నా, అదే కొలత పెడితే నేను లెక్కలోకి వస్తానా అని చూసుకోవడం నాకు ఆ పొద్దున పట్టుకున్న అలవాటు. నాయనమ్మ ఆడపిల్లలే అన్నప్పుడు ఆ పక్కనే నిలబడి ఉన్నదాన్ని కదా.

చెట్ల కింద ఆ గొడవైన మరునాడు పొద్దున పెద్దమ్మ వాకిట్లోకి వెళ్లాను. చాప మీద ఆరబోసిన పువ్వును, ఆమె చూస్తుండగానే గంపకెత్తసాగాను. "ఏందే, ఎవరికే అది?" అని అరిచింది. ఎవరిదో వాళ్లకే అన్నాను. వీపు మీద రెండు పడ్డాయి. అయినా గంప వదలకుండా వీధి నడిమధ్యన నడిచి, మిలిటరీ చిన్నాయన గడప ముందు దించాను.