దీపం ముందు పెట్టిన మందు

కాంపౌండరు గారు పోయారని కొండపల్లి నుంచి మొన్న పొద్దున్నే కబురొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కదల్లేకపోయాను. ఆయన బతికుండగానే నేను చెప్పాల్సిన నిజం ఒకటుంది. నోరు కుట్టేసుకుని కూర్చున్నాను, సిగ్గులేని దాన్ని. ఇప్పుడు మీ అందరి ముందూ రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా చిన్నదానికి రక్తంలో క్యాన్సరన్నారు. దానికప్పుడు ఏడేళ్లు. బెజవాడలో ఆస్పత్రి పక్కనే గది తీసుకున్నాం. మందు మద్రాసులో తప్ప దొరకదు. దాని ధర విని మా ఆయన గోడకు చేరగిలబడిపోయారు. ఉయ్యూరు దగ్గరున్న చెరకు చేను అమ్మితే, ఖర్చులన్నీ పోను మూడు సీసాలకు సరిపోయింది. ఒక్కటి తప్పినా పిల్ల దక్కదని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు.

ఆ సీసాలు ఒక్కొక్కటిగా రైల్లో తెచ్చింది ఆ ఆస్పత్రి కాంపౌండరు గారే. ఐసు నింపిన ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, కునుకైనా తీయకుండా వచ్చేవారు. రాగానే సీసా చెంపకు ఆనించుకుని చూసేవారు.

“చల్లగా ఉంటేనే మందండీ. లేకపోతే ఉత్త నీళ్లే,” అనేవారు.

మూడో సీసా తెచ్చిన రోజు డాక్టరు గారు ఇంకా రాలేదు. “ఓ గంట మీ దగ్గరుంచండమ్మా, మూత మాత్రం తీయకండి,” అని ఫ్లాస్కు నా చేతికిచ్చి వార్డుకి వెళ్లారు. ఆఖరి సీసా. దేవుడికి చూపించకుండా పిల్లకెలా ఎక్కిస్తాం? మా ఇళ్లలో కొత్త పుస్తకమైనా, విత్తనాల మూటైనా ముందు దేవుడి దగ్గర పెట్టాల్సిందే. ఒక్క నిమిషమే కదా అనుకుని, సీసాకు బొట్టు పెట్టి దీపం ముందుంచాను. ఇంతలో పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. దాన్ని పట్టుకుని కూర్చుని మందు సంగతే మరిచిపోయాను. నడి వేసవి, మా గది పైన రేకులు.

ఆయన వచ్చి సీసా చెంపకు ఆనించుకున్నారు. సీసా వెచ్చబడిపోయింది.

“ఎంతసేపైందమ్మా?”

అప్పుడే మెట్ల మీద మా ఆయన చెప్పుల చప్పుడు.

“నన్ను చంపేస్తారండీ,” అన్నాను. చూశారా, అంతటి వేళ నాకు నా భయమే ముందొచ్చింది.

ఆయన బొటనవేలితో బొట్టు తుడిచి, సీసా వదిలేశారు. గచ్చు మీద పడి పగిలింది.

“చెయ్యి జారిందండీ,” అన్నారు మా ఆయనతో.

“నీ చేతులు పడిపోను! నా బిడ్డను చంపావు కదరా!” అంటూ మా ఆయన చొక్కా పట్టుకుని ఊపేశారు. నేను నోరు విప్పలేదు.

మూడో నాటికి ఇంకో సీసా వచ్చింది. “పగలగొట్టినవాడు తేక చస్తాడా,” అన్నారు మా ఆయన. కొండపల్లిలో ఇల్లు కట్టుకుందామని కొనుక్కున్న స్థలం కాంపౌండరు గారు అమ్మేశారని నాకు తర్వాత తెలిసింది. నిజం చెప్పేస్తానని ఏడిస్తే నవ్వేశారు.

“పిల్లని బడికి వెళ్లనివ్వండమ్మా, అప్పుడు చూద్దాం. మీ దేవుడికీ తెలుసు, మా ప్రభువుకీ తెలుసు. చాలదూ?”

పిల్ల బడికి వెళ్తూనే ఉంది. నేనే చెప్పలేదు.

కబురొచ్చిన ఆ పొద్దున చెప్పాను. కొడతారనుకున్నాను. మా ఆయన చొక్కా తొడుక్కుని “పదవే” అన్నారు. కొండపల్లి బస్సెక్కాం.

కాంపౌండరు గారి అద్దె ఇంటి వసారాలో ఆయన్ని ఉంచిన పెట్టె ఉంది. పాస్టరు గారు ప్రార్థన ముగించారు. మా ఆయన వంగి ఆ రెండు చేతులూ పట్టుకున్నారు. మూత వేయాలండీ అని ఎవరో రెండుసార్లు అన్నారు. మా ఆయన ఆ చల్లటి చేతుల్ని చెంపకు ఆనించుకుని, వదల్లేదు.